నిర్మాణ కార్మికులపై డీజిల్ పొగ ప్రభావం

డీజిల్ పొగ అనగా డీజిల్ ఇంజనులో ఇంధనం మండిన తరువాత గొట్టం గుండా బయటకు వెలువడే వాయువులు, సూక్ష్మ కణాల మిశ్రమం. భవనాలు, రహదారులు, కాలువలు, సొరంగాలు నిర్మించే చోట పనిచేసే కార్మికులు ఈ పొగను గంటల తరబడి పీలుస్తూ ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులలో కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆస్‌బెస్టాస్, పొగాకు పొగ కూడా ఇదే వర్గంలో ఉన్నాయి. ఒకే వర్గంలో ఉన్నంత మాత్రాన అన్నిటి ప్రమాదం ఒకే స్థాయిలో ఉన్నదని అర్థం కాదు. కాన్సరు కలిగిస్తుందనడానికి ఉన్న రుజువు ఎంత బలమైనదో మాత్రమే ఈ వర్గీకరణ తెలియజేస్తుంది.

నిర్మాణ స్థలంలో ధూళి కంటికి కనిపిస్తుంది, ఎత్తు నుండి పడిపోయే ప్రమాదం అందరికీ తెలుసు. డీజిల్ పొగ వలన కలిగే హాని అటువంటిది కాదు. జబ్బు బయటపడేసరికి పది, ఇరవై సంవత్సరాలు గడిచిపోతాయి. అప్పటికి కార్మికుడు అనేక చోట్ల, అనేక మేస్త్రీల క్రింద పనిచేసి ఉంటాడు. అందువలన ఆ జబ్బుకు, ఆ పనికి గల సంబంధం ఎక్కడా నమోదు కాదు. వలసలు ఎక్కువగా ఉన్న మడకశిర వంటి ప్రాంతాలకు ఈ విషయం ముఖ్యమైనది.

డీజిల్ పొగలో ఉండేవి

జర్మనీకి చెందిన ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ తన పేరుతో ప్రసిద్ధి పొందిన ఇంజనును 1897 నాటికి విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో వలె ఇందులో నిప్పురవ్వతో ఇంధనాన్ని అంటించరు. గాలిని బాగా అదిమిపెట్టినపుడు పుట్టే వేడికి డీజిల్ తనంతట తానే మండుతుంది. ఇంధనం తుంపరలుగా లోపలికి వస్తుంది కనుక ప్రతి తుంపరకు చాలినంత గాలి అందదు. గాలి అందని చోట ఇంధనం పూర్తిగా మండక మసిగా మారుతుంది. డీజిల్ పొగలో మసి ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం.

పొగలోని పదార్థాలను రెండు భాగాలుగా చెప్పవచ్చును.

* వాయువులు: బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడు, నత్రజని ఆక్సైడులు, గంధకపు డయాక్సైడు, ఫార్మాల్డిహైడు, బెంజీను మొదలైనవి.
* కణాలు: వీటి గర్భంలో మూలక కర్బనం, అనగా మసి, ఉంటుంది. ఆ మసి పైన పూర్తిగా మండని ఇంధనం, కందెన నూనె, సల్ఫేటులు, స్వల్పంగా లోహాలు, పాలీసైక్లిక్ ఏరోమాటిక్ హైడ్రోకార్బనులు అంటుకొని ఉంటాయి. ఈ చివరి రకం రసాయనాలలో కొన్ని కణాలలోని జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తాయి.

ఈ కణాలలో అధిక భాగం ఒక మైక్రాను కంటే చిన్నవి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రాతిధూళిలోని పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను చిక్కుకుంటాయి, తుమ్ముతోనో దగ్గుతోనో బయటకు వస్తాయి. డీజిల్ కణాలు ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి గదుల వరకు చేరుకుంటాయి. అతి సూక్ష్మమైన కణాలలో కొన్ని రక్తంలోకి కూడా ప్రవేశిస్తాయి.

పొగ రంగును బట్టి యంత్రం స్థితిని కొంతవరకు గ్రహించవచ్చును. నల్లని పొగ వస్తుంటే ఇంధనం ఎక్కువై గాలి తక్కువైనదని, లేదా గాలి వడపోత మూసుకుపోయిందని అర్థం. నీలిరంగు పొగ కందెన నూనె మండుతున్నదనడానికి గుర్తు. చల్లగా ఉన్న ఇంజనును మొదలుపెట్టినపుడు మండని ఇంధనం తెల్లని పొగగా వస్తుంది. కానీ పొగ కనిపించనంత మాత్రాన హాని లేదని భావించరాదు. అతి సూక్ష్మ కణాలు, కార్బన్ మోనాక్సైడు కంటికి కనిపించవు.

నిర్మాణ పనులలో పొగ వెలువడే చోట్లు

నిర్మాణ స్థలంలో డీజిల్‌తో నడిచే యంత్రాలు అనేకం ఉంటాయి. జేసీబీ, ప్రొక్లెయినర్, టిప్పర్, రోడ్డు రోలరు, క్రేను, కాంక్రీటు కలిపే మిక్సరు, రాళ్ళకు రంధ్రాలు వేసే పరికరాలకు గాలి అందించే కంప్రెసరు, నీళ్ళు తోడే మోటారు, విద్యుత్తు లేనిచోట వాడే జనరేటరు వీటిలో ముఖ్యమైనవి.

అందరు కార్మికులూ సమానంగా పొగకు గురికారు. యంత్రం నడిపే డ్రైవరు రోజంతా ఇంజను ప్రక్కనే ఉంటాడు. తలుపులు, అద్దాలు మూసి ఉండే క్యాబిను గల యంత్రంలో అతనికి కొంత రక్షణ లభిస్తుంది. నేలమీద నిలబడి టిప్పరుకు సైగ చేసేవారు, గోతిలో దిగి మట్టిని చదును చేసేవారు, మిక్సరులో కంకర, ఇసుక పోసే స్త్రీలు ఏ అడ్డూ లేకుండా పొగను పీలుస్తారు. పునాది గోతులలో, భూగర్భ అంతస్తులలో గాలి ఆడదు కనుక అక్కడ పొగ నిలిచిపోతుంది.

సొరంగాలలో పరిస్థితి మరింత తీవ్రమైనది. ఆంధ్ర ప్రదేశ్‌లోని వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలలో ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవు ఉన్నది. అంత పొడవైన సొరంగంలో పని జరిగే కొసకు బయటి గాలి సహజంగా చేరదు, గొట్టాల ద్వారా పంపవలసి ఉంటుంది. అటువంటి చోట ఒక డీజిల్ వాహనం ఇంజను ఆపకుండా నిలిపి ఉంచినా అక్కడివారందరూ ఆ పొగలోనే పనిచేయవలసి వస్తుంది.

మడకశిర ప్రాంతం

మడకశిర పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజన తరువాత పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. దీని చుట్టూ రొళ్ళ, గుడిబండ, అగళి, అమరాపురం మండలాలు ఉన్నాయి. ఈ ప్రాంతం కర్ణాటక సరిహద్దున ఉన్నది, తెలుగుతో పాటు కన్నడం కూడా ఇక్కడ వినిపిస్తుంది. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ వంటి వర్షాధార పంటలు విఫలమైన సంవత్సరాలలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు పనికోసం ఊరు విడిచి వెళ్ళడం ఇక్కడ పాత అనుభవమే. హిందూపురం మీదుగా బెంగుళూరు దగ్గర కావడం వలన అనేకులు అక్కడి భవన నిర్మాణ పనులకు పోతుంటారు. ఇక్కడ కట్టుబడి పనిని బేల్దారి పని అంటారు.

పొగకు గురికావడానికి బెంగుళూరు వరకు పోనవసరం లేదు. కరువు ప్రాంతంలోనే డీజిల్ యంత్రాల దగ్గర చేసే పనులు కొన్ని ఉన్నాయి.

* బోరు బావుల తవ్వకం: భూగర్భ జలాలు అడుగంటిన కొద్దీ బోర్లను మరింత లోతుగా వేయవలసి వస్తున్నది. బోరు బండి, దానికి గాలి అందించే భారీ కంప్రెసరు, రెండూ డీజిల్‌తోనే నడుస్తాయి. ఇనుప కడ్డీలను ఒకదానికొకటి బిగించే కూలీలు రంధ్రం నుండి ఎగజిమ్మే రాతిపిండికి, ఇంజను పొగకు ఒకేసారి గురవుతారు. నీరు పడేవరకు పని ఆపరు కనుక రాత్రంతా కూడా అక్కడే ఉంటారు.
* రాతి పనులు: ఈ పీఠభూమి గ్రానైటు, నైస్ శిలలతో కూడినది. క్వారీలలోను, కంకర క్రషర్ల వద్దను కంప్రెసర్లు, టిప్పర్లు, జనరేటర్లు ఒకే చోట పనిచేస్తుంటాయి.
* కాలువ పనులు: శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని ఎత్తిపోసే హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకంలో మడకశిర శాఖా కాలువ ఒక భాగం. ఇటువంటి కాలువల తవ్వకంలో ప్రొక్లెయినర్లు, టిప్పర్లు వరుసగా పనిచేస్తాయి. లోతైన కోతలలో గాలి కదలిక తక్కువగా ఉంటుంది.

ఈ విధంగా నీటికోసం వేసే బోరులోను, నీటికోసం తవ్వే కాలువలోను, నీరు లేక వెళ్ళిన నగరంలోను ఒకే కార్మికుడు ఒకే రకం పొగను పీల్చడం జరుగుతుంది.

ఆరోగ్యంపై ప్రభావం

తక్షణ ప్రభావాలు: కళ్ళు మండడం, ముక్కు, గొంతు గరగరలాడడం, దగ్గు, తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం సాధారణంగా కనిపిస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. పొగకు దూరంగా వెళ్ళిన కొద్దిసేపటికి ఈ లక్షణాలు తగ్గుతాయి కనుక వీటిని ఎండదెబ్బగానో, అలసటగానో భావించి వదిలివేస్తుంటారు.

కార్బన్ మోనాక్సైడు రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆమ్లజని కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. పెట్రోలు ఇంజనుతో పోలిస్తే డీజిల్ ఇంజను ఈ వాయువును తక్కువగానే విడుదల చేస్తుంది. అయినను మూసి ఉన్న గదిలోను, భూగర్భ అంతస్తులోను, బావిలోను ఇంజను నడిపితే ప్రాణాపాయం కలగవచ్చును. ఈ వాయువుకు రంగు, వాసన లేవు.

దీర్ఘకాలిక ప్రభావాలు: సంవత్సరాల తరబడి పీల్చినవారిలో శ్వాసనాళాల వాపు, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం, గుండె, రక్తనాళాల జబ్బులు కలిగే అవకాశం పెరుగుతుంది. వీటన్నిటికంటే తీవ్రమైనది ఊపిరితిత్తుల కాన్సరు. మూత్రాశయ కాన్సరుతో కూడా సంబంధం ఉన్నట్లు కొన్ని ఆధారాలు ఉన్నాయి, కానీ అవి పరిమితమైనవి.

నిర్మాణ కార్మికుడు డీజిల్ పొగను మాత్రమే పీల్చడు. రాతిధూళిలోని స్ఫటిక సిలికా సిలికోసిస్ అనే నయం కాని ఊపిరితిత్తుల జబ్బును కలిగిస్తుంది, క్షయ సోకే అవకాశాన్ని పెంచుతుంది. సిలికా కూడా కాన్సరు కారకాల మొదటి వర్గంలోనిదే. వీటికి బీడీ, సిగరెట్ల అలవాటు, గుడారాలలోని కట్టెల పొయ్యి పొగ తోడైనపుడు హాని మరింత పెరుగుతుంది.

కాన్సరుపై పరిశోధనలు

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే డీజిల్ పొగను 'బహుశా కాన్సరు కారకం' అనే వర్గంలో చేర్చింది. ఆ వర్గం నుండి మొదటి వర్గానికి మార్చడానికి 24 సంవత్సరాలు పట్టింది. ధూమపానం ప్రభావాన్ని విడదీసి, ఎవరు ఎంత పొగ పీల్చారో లెక్కకట్టగలిగిన అధ్యయనాలు అవసరం కావడమే ఈ ఆలస్యానికి ముఖ్య కారణం.

అటువంటి అధ్యయనాలలో ప్రధానమైనది అమెరికాలో జరిగింది. అక్కడి జాతీయ కాన్సర్ సంస్థ, వృత్తి భద్రతా పరిశోధన సంస్థ కలిసి 8 గనులలో పనిచేసిన 12,315 మంది కార్మికుల వివరాలను పరిశీలించి 2012 మార్చిలో ఫలితాలను ప్రకటించాయి. ఇవి బొగ్గు గనులు కావు. సిలికా, ఆస్‌బెస్టాస్ వంటి ఇతర కారకాలు తక్కువగా ఉండే గనులను కావాలనే ఎంచుకున్నారు. భూగర్భంలో అత్యధికంగా పొగకు గురైనవారిలో ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించే అవకాశం, అతి తక్కువగా గురైనవారితో పోలిస్తే, సుమారు మూడు రెట్లు ఉన్నట్లు తేలింది. ధూమపానాన్ని లెక్కలోనికి తీసుకున్న తరువాత కూడా ఈ తేడా నిలిచింది. అదే సంవత్సరం జూన్‌లో డీజిల్ పొగను మొదటి వర్గంలోనికి మార్చారు.

గని కార్మికులు, లారీ రవాణా కార్మికులపై జరిగిన మూడు అధ్యయనాల ఆధారంగా 2014లో ఒక అంచనా వెలువడింది. గాలిలో డీజిల్ మసిని మూలక కర్బనం రూపంలో కొలుస్తారు. ఉద్యోగ జీవితమంతా, అనగా సుమారు 45 సంవత్సరాలు, ఆ గాలిని పీల్చిన ప్రతి 10,000 మందిలో 80 ఏళ్ళ వయసులోపు అదనంగా సంభవించే ఊపిరితిత్తుల కాన్సరు మరణాలు ఈ విధంగా ఉంటాయని ఆ అంచనా తెలిపింది.

* ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము ఉంటే 17 మరణాలు
* 10 మైక్రోగ్రాములు ఉంటే 200 మరణాలు
* 25 మైక్రోగ్రాములు ఉంటే 689 మరణాలు

ఐరోపా సమాఖ్య పని స్థలాలకు నిర్ణయించిన పరిమితి ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. ఇది 2023 ఫిబ్రవరి 21 నుండి అమలులోనికి వచ్చింది. భూగర్భ గనులకు, సొరంగ నిర్మాణాలకు 2026 ఫిబ్రవరి 21 వరకు గడువు ఇచ్చారు. పై అంచనాతో పోల్చి చూస్తే ఈ పరిమితిలోపు ఉన్న గాలి పూర్తిగా సురక్షితమని చెప్పలేమని తెలుస్తుంది. పరిమితి అనేది యంత్రాలతో ఆచరణలో సాధ్యమయ్యే స్థాయిని కూడా దృష్టిలో పెట్టుకొని నిర్ణయించేది.

నమోదు కాని జబ్బు

పై అధ్యయనాలు సాధ్యం కావడానికి ఒక కారణం ఉన్నది. ఆ గనులలో ఎవరు ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఏ పని చేశారో యాజమాన్యాల దస్త్రాలలో ఉన్నది. వాటిని మరణ ధ్రువపత్రాలతో సరిపోల్చగలిగారు.

మడకశిర నుండి వెళ్ళే నిర్మాణ కార్మికుని విషయంలో ఇటువంటి దస్త్రం సాధారణంగా ఉండదు. అతను ఒక సంవత్సరం బోరు బండి మీద, మరుసటి సంవత్సరం బెంగుళూరులో పునాది పనిలో, ఆ తరువాత రోడ్డు పనిలో ఉండవచ్చును. కూలి మేస్త్రీ చేతి నుండి వస్తుంది. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదుకు అంతకు ముందటి 12 నెలలలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్లు చూపవలెను. ఆ పత్రంలో పనిదినాలు తెలుస్తాయి కానీ ఏ యంత్రం ప్రక్కన, ఎటువంటి గాలిలో పనిచేశాడో తెలియదు. పైగా ఈ మండళ్ళు రాష్ట్రాలవారీగా ఉంటాయి. పని ఒక రాష్ట్రంలో, ఇల్లు ఒక రాష్ట్రంలో ఉన్నవారి వివరాలు రెండు చోట్లా అసంపూర్ణంగా మిగిలిపోవచ్చును.

యాభై ఏళ్ళ వయసులో దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినపుడు బీడీ కాలుస్తావా అని అడగడం సహజం. పూర్వం ఏ పని చేశావు, ఎన్నాళ్ళు చేశావు అనే ప్రశ్న కూడా అంతే అవసరమైనది. రోగి తనంతట తానే ఈ వివరాలు చెప్పడం, వైద్యుడు వాటిని చీటీలో వ్రాయడం వలన వ్యాధి నిర్ధారణకు మేలు కలుగుతుంది. క్షయ, సిలికోసిస్, కాన్సరు లక్షణాలు మొదట్లో ఒకే విధంగా ఉంటాయి కనుక ఇది మరింత ముఖ్యం.

చట్టాలు, ప్రమాణాలు

భారతదేశంలో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దీనితో పాటు చేసిన సెస్సు చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో 1 నుండి 2 శాతం వరకు కార్మికుల సంక్షేమానికి వసూలు చేసే ఏర్పాటు జరిగింది. 1998 నాటి కేంద్ర నియమాలలో ఇంజను పొగ ప్రస్తావన ఉన్నది. గాలి ఆడని చోట, గోతిలో, సొరంగంలో ఇంజను వాడినపుడు గాలిలో కార్బన్ మోనాక్సైడు పది లక్షల భాగాలలో 50 భాగాలు మించే పరిస్థితి ఉంటే కార్మికులకు హాని కలగకుండా తగిన చర్యలు తీసుకోవలెనని ఆ నియమం చెబుతుంది. కాన్సరుకు ముఖ్యంగా సంబంధం ఉన్న మసి కణాలకు ఈ కొలత వర్తించదు.

1996 చట్టంతో సహా అనేక చట్టాలను కలిపి రూపొందించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2020లో ఆమోదం పొంది, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చింది. నిర్దేశిత వర్గాల ఉద్యోగులకు యాజమాన్యం ఉచితంగా వార్షిక ఆరోగ్య పరీక్ష జరిపించవలెనని ఇందులో ఉన్నది.

యంత్రాల పొగకు వేరుగా ప్రమాణాలు ఉన్నాయి. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు భారత్ స్టేజ్ మూడవ దశ 2011 ఏప్రిల్‌లోను, నాలుగవ దశ 2021 ఏప్రిల్‌లోను, ఐదవ దశ 2025 జనవరిలోను మొదలైనవి. 800 కిలోవాట్ల వరకు గల కొత్త జనరేటర్లకు మరింత కఠినమైన ప్రమాణాలు 2023 జూలై 1 నుండి వర్తిస్తున్నాయి. డీజిల్‌లోని గంధకం భారత్ స్టేజ్ 3 ఇంధనంలో పది లక్షల భాగాలకు 350 వరకు ఉండేది. దేశమంతటా 2017 ఏప్రిల్ నుండి 50కి, 2020 ఏప్రిల్ నుండి 10కి తగ్గించారు. గంధకం తగ్గినందువలన పాత యంత్రాల నుండి కూడా సల్ఫేటు కణాలు తగ్గుతాయి. కానీ మసి తగ్గదు, అది ఇంజను నిర్మాణం మీద ఆధారపడి ఉంటుంది. కొత్త ప్రమాణాలు కొత్తగా తయారయ్యే యంత్రాలకే వర్తిస్తాయి. నగరాలలోని పెద్ద సంస్థలు వాడి అమ్మివేసిన యంత్రాలు చిన్న పట్టణాల గుత్తేదారుల వద్ద ఇంకా అనేక సంవత్సరాలు పనిచేస్తాయి.

నివారణ మార్గాలు

పొగ నుండి రక్షణ అనగానే ముఖానికి గుడ్డ గుర్తుకు వస్తుంది. తువ్వాలు, చీర కొంగు పెద్ద ధూళి రేణువులను కొంత ఆపుతాయి కానీ డీజిల్ కణాలను ఆపలేవు. ఎన్95 రకం మాస్కు ముఖానికి సరిగా అతుక్కున్నపుడు కణాలను ఆపుతుంది కానీ వాయువులను ఆపలేదు. ఎండలో బరువులు మోసేవారు దానిని రోజంతా ధరించడం కష్టం. కనుక పొగను మనిషి వద్దకు రాకుండా చేయడమే మొదటి మార్గం, మాస్కు చివరిది. ఈ దిశలో చేయదగిన పనులలో చాలావరకు పెద్ద ఖర్చు లేనివే.

* పని లేని సమయంలో ఇంజను ఆపివేయడం. వరుసలో నిలిచిన టిప్పర్లు ఇంజను ఆపితే డీజిల్ కూడా ఆదా అవుతుంది.
* జనరేటరును, కంప్రెసరును పనిచేసేవారికి, వారి గుడారాలకు దూరంగా, గాలి వీచే దిక్కును గమనించి ఉంచడం. గాలి మొదట మనుషులను దాటి తరువాత యంత్రాన్ని చేరేటట్లు ఉండవలెను.
* జనరేటరు పొగగొట్టాన్ని తగినంత ఎత్తుకు పెంచడం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం, జనరేటరు సామర్థ్యపు కేవీఏ అంకెకు వర్గమూలం కట్టి దానిని 0.2తో గుణిస్తే వచ్చినన్ని మీటర్లు, భవనం ఎత్తుకు పైన గొట్టం ఉండవలెను. ఉదాహరణకు 100 కేవీఏ జనరేటరుకు భవనం కంటే 2 మీటర్లు ఎక్కువ ఎత్తు అవసరం.
* గాలి వడపోతను, ఇంధనం చిమ్మే నాజిళ్ళను సకాలంలో శుభ్రపరచడం. ధూళి ఎక్కువగా ఉండే కరువు ప్రాంతంలో గాలి వడపోత త్వరగా మూసుకుపోతుంది.
* భూగర్భ అంతస్తులలో, బావులలో, సొరంగాలలో వీలైనంతవరకు విద్యుత్తుతో నడిచే పరికరాలనే వాడడం, గాలి పంపే ఏర్పాటు లేకుండా డీజిల్ ఇంజను నడపకపోవడం.
* యంత్రాల పొగగొట్టాలకు కణాలను పట్టి ఉంచే వడపోతలు అమర్చడం. ఇవి సక్రమంగా పనిచేస్తే మసిలో అధిక భాగాన్ని ఆపగలవు.
* పొగ ఎక్కువగా ఉండే పనిలో ఒకే మనిషిని నెలల తరబడి ఉంచకుండా మనుషులను మార్చడం.

వీటిలో ఇంజను ఆపడం, జనరేటరును దూరంగా జరపడం వంటి పనులు ఆ రోజే చేయదగినవి. కానీ యంత్రం ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది కూలీ కాదు, గుత్తేదారు, మేస్త్రీ, పని పర్యవేక్షించే ఇంజనీరు. అందుచేత నివారణ బాధ్యత కూడా ముఖ్యంగా వారిదే. కార్మికుడు తనవంతుగా ఏ సంవత్సరం ఏ ఊరిలో, ఏ యంత్రం వద్ద పనిచేశాడో ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకొనవచ్చును, చదువురానివారు ఇంట్లోని పిల్లలచేత వ్రాయించుకొనవచ్చును. ఇరవై సంవత్సరాల తరువాత జబ్బు వచ్చినపుడు వైద్యునికి చూపడానికి అతని వద్ద ఉండే ఆధారం అదొక్కటే కావచ్చును.